వార్త నమ్మొచ్చా? ముందు అది ఎవరికి ఎలా తెలిసిందో చూడండి

పది రూపాయల కాయిన్ ఇస్తే ‘ఇది చెల్లట్లేదండీ, నోటు ఇవ్వండి’ అనే కిరాణా కొట్లు ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ మనందరం చూసినవే. చెల్లదని ఎవరు చెప్పారని అడిగితే ‘అందరూ అంటున్నారు’ అంటారు. ఆ అందరిలో రిజర్వ్ బ్యాంకు మాత్రం లేదు. అప్పటికి 14 రకాల డిజైన్లలో పది రూపాయల నాణేలు విడుదల చేశామని, అన్నీ చెల్లుతాయని ఆర్‌బీఐ 2018 జనవరి 17న ప్రకటన కూడా ఇచ్చింది. గీతలు పది ఉంటే అసలుది, పదిహేను ఉంటే దొంగది అన్న పుకారు మాత్రం ఆ ప్రకటన కంటే ఎక్కువ ఊళ్లు తిరిగింది. చెల్లదని మొదట చెప్పింది ఎవరు అంటే ఏ కొట్టాయనా ఒక పేరు చెప్పలేడు.

వార్త నమ్మదగ్గదో కాదో తేల్చుకోవడానికి నేను వాడే ప్రశ్న ఇదే. ఈ విషయం ఎవరికి తెలుసు? వాళ్లకి ఎలా తెలిసింది? ఏ చానల్ మంచిది, ఏ పేపర్ మంచిది అన్నది ఆ తర్వాతి సంగతి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ప్రశ్నకి జవాబు వెతికే దారులే. అన్నీ ప్రతిసారీ అక్కర్లేదు, చాలా వార్తలు రెండో మెట్టు దగ్గరే తేలిపోతాయి.

1. ఏది పరీక్షించాలో ముందు తేల్చుకోండి

రోజుకి వచ్చే వార్తలన్నీ పరీక్షించే ఓపిక ఎవరికీ ఉండదు, అవసరమూ లేదు. హీరో కొత్త సినిమా టైటిల్ తప్పు రాస్తే మీకు పోయేదేమీ లేదు. వార్త చదివాక మీరు ఏదైనా పని చేయబోతున్నారా అన్నది చూసుకోండి. బ్యాంకులో డబ్బు తీయడం, వాడుతున్న మందు మానేయడం, పిల్లల్ని స్కూలుకి పంపకపోవడం, ఎవరితోనైనా గొడవ పెట్టుకోవడం, ఆఖరికి ఫార్వర్డ్ నొక్కడం. వీటిలో ఏదైనా ఉంటే ఆగండి.

చదవగానే ఒళ్లు మండినా, తెగ సంబరం వేసినా కూడా ఆగండి. మనకి నచ్చని పార్టీ గురించి మంచిగా రాస్తే వంద అనుమానాలు వస్తాయి. నచ్చిన పార్టీ గురించి రాస్తే ఒక్కటి కూడా రాదు.

2. వార్తని ఒక్క వాక్యంలోకి తెచ్చుకోండి

యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం, కన్నీళ్లు పెట్టుకున్న ముఖం, ‘అసలేం జరిగిందంటే?’ అన్న ప్రశ్న ఉంటాయి. లోపల ఎనిమిది నిమిషాల వీడియో. అందులో ఆరు నిమిషాలు పాత సంగతులే. చూశాక కాగితం మీద ఒక వాక్యం రాయగలరా? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశారు. రాయలేకపోతే అక్కడ వార్తే లేదు, ఇక పరీక్షించే పని కూడా లేదు. హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం ఉంటే, రాసినవాళ్లకి కూడా జవాబు తెలియదని అనుకుని మొదలుపెట్టడం మంచిది.

కోర్టు వార్తల్లో ఈ పని మరీ అవసరం. ‘హైకోర్టు సంచలనం’ అని ఉంటుంది. లోపల చూస్తే విచారణ మధ్యలో జడ్జి నోటితో అన్న ఒక మాట ఉంటుంది. అది తీర్పు కాదు, ఆర్డరు కూడా కాదు. ‘నోటీసులు జారీ’ అంటే అవతలి పక్షం జవాబు చెప్పమని అడిగారంతే, ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. అలాగే నిందితుడు వేరు, దోషి వేరు. పోలీసుల ప్రెస్‌మీట్‌లో చెప్పింది పోలీసుల వాదన. కోర్టులో నిలబడుతుందో లేదో ఇంకా తేలాల్సి ఉంటుంది. మీరు రాసుకున్న ఒక్క వాక్యంలో ఈ తేడా కనబడాలి. ‘ఫలానా ఆయన లంచం తీసుకున్నాడు’ అని కాకుండా ‘తీసుకున్నాడని ఏసీబీ కేసు పెట్టింది’ అని రాసుకుంటే సగం ఆవేశం అక్కడే తగ్గుతుంది.

3. వాక్యం చివర ఏముందో చూడండి

తెలుగు వార్తల్లో అసలు గుట్టు క్రియ దగ్గర ఉంటుంది. హెడ్డింగ్ ఎంత గట్టిగా అరిచినా, లోపలి వాక్యం చివరికి వచ్చేసరికి రాసినాయన తన పూచీ ఎంతో చెప్పేస్తాడు. ఉదాహరణకి నేను కల్పించిన ఈ పేరా చూడండి. ఇలాంటివి మీరు రోజూ చదివే ఉంటారు:

‘పింఛన్ల విషయంలో ప్రభుత్వం కీలక నిర్ణయం తీసుకున్నట్టు తెలుస్తోంది. వచ్చే నెల నుంచే కొత్త మొత్తం చేతికందే అవకాశం ఉందని విశ్వసనీయ వర్గాల సమాచారం. దీనిపై త్వరలోనే అధికారిక ప్రకటన వెలువడనుంది.’

మూడు వాక్యాలు ఉన్నాయి, విషయం తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. మొదటి వాక్యంలో ‘తెలుస్తోంది’ అన్నాడు, ఎవరికి తెలిసిందో చెప్పలేదు. రెండోదాంట్లో ‘అవకాశం’ ఒకటి, ‘వర్గాలు’ ఒకటి, రెండు తలుపులు తెరిచి పెట్టుకున్నాడు. మూడో వాక్యాన్ని తిప్పి చదివితే ఇప్పటిదాకా అధికారిక ప్రకటన ఏదీ రాలేదనే అర్థం. పేరా మొత్తంలో కచ్చితంగా నిజమైన ముక్క అదొక్కటే.

కాబట్టి చదివేటప్పుడు మనసులో రెండు కుప్పలు పెట్టుకోండి. ‘మంత్రి ఫలానా సభలో అన్నారు’, ‘కలెక్టర్ ప్రకటనలో తెలిపారు’, ‘ఎఫ్‌ఐఆర్‌లో ఉంది’, ‘మా విలేకరితో చెప్పారు’ అన్నవి ఒక కుప్ప. ఇవి నిజమని కాదు, వెళ్లి అడగడానికి ఒక మనిషో కాగితమో ఉన్నాయి. ‘సమాచారం’, ‘భోగట్టా’, ‘టాక్’, ‘ప్రచారం జోరుగా సాగుతోంది’, ‘రాజకీయ వర్గాల్లో చర్చ’, ‘నెటిజన్లు అంటున్నారు’ అన్నవి రెండో కుప్ప. మొదటి కుప్పలో ఏమీ మిగలకపోతే ఆ వార్తను ఇప్పటికి పక్కన పెట్టేయొచ్చు.

పేరు లేని ప్రతి మాటా అబద్ధమేనని కూడా అనుకోవద్దు. సెక్రటేరియట్‌లో ఫైలు చూసిన అధికారి పేరు చెప్పుకుంటే ఉద్యోగం ఉండదు, అందుకని పేరు దాస్తారు. పెద్ద పెద్ద కుంభకోణాలు అలాగే బయటకొచ్చాయి. అలాంటి వార్తలో ఇంకొన్ని చూడండి. ఫైలు నంబరో, తేదీయో, మొత్తమో, సరిచూసుకోదగ్గ వివరం ఏదైనా ఇచ్చారా? ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్లని వివరణ అడిగారా? ‘ఫోన్‌లో ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు’ అన్న వాక్యం చప్పగా ఉంటుంది కానీ, అది ఉందంటే విలేకరి కనీసం ఫోన్ చేశాడన్నమాట.

4. చానళ్లని కాదు, మూలాలని లెక్కపెట్టండి

2023 మార్చిలో నటుడు కోట శ్రీనివాసరావు చనిపోయారని సోషల్ మీడియాలో గుప్పుమంది. ఒకరిని చూసి ఒకరు పెట్టేశారు, ఓం శాంతి పోస్టులు వరస కట్టాయి. ఆఖరికి ఆయనే వీడియోలో కనిపించి తాను బాగానే ఉన్నానని, జనం వస్తారేమోనని బందోబస్తుకి పోలీసులు కూడా ఇంటికి వచ్చేశారని చెప్పాల్సి వచ్చింది. ఆయన నిజంగా కన్నుమూసింది 2025 జూలై 13న.

ఆ రోజు ఎన్ని పోస్టులు ఉన్నా మూలం ఎన్ని అని లెక్కపెడితే సున్నా. కుటుంబం చెప్పలేదు, ఆసుపత్రి బులెటిన్ లేదు. ‘ఇన్ని చోట్ల వచ్చింది కదా, నిజమే అయ్యుంటుంది’ అన్న లెక్క ఇక్కడే దెబ్బ తింటుంది.

దీన్ని కనిపెట్టే పద్ధతి చాలా తేలిక. వార్తలోంచి కాస్త ప్రత్యేకంగా ఉన్న ఒక వాక్యం కాపీ చేసి, ముందూ వెనకా డబుల్ కోట్స్ పెట్టి గూగుల్‌లో వెతకండి. అదే వాక్యం అక్షరం మారకుండా పది సైట్లలో కనబడితే అవి పది కాదు, ఒకటే. అన్నిటికంటే ముందు ఏ టైముకి ఎక్కడ వచ్చిందో చూడండి, మిగతావి మరిచిపోండి. పీటీఐ, ఏఎన్‌ఐ లాంటి ఏజెన్సీ పేరుంటే ఆ ఏజెన్సీ ఎవరిని ఉటంకించిందో చూడండి. ఊరి పేరూ విలేకరి పేరూ లేకుండా ‘ఆన్‌లైన్ డెస్క్’ అని మాత్రమే ఉంటే, ఆఫీసులో కుర్చీలో కూర్చుని వేరే సైటు చూసి రాసిన వార్త అయ్యుండే అవకాశం ఎక్కువ. అది తప్పేమీ కాదు, కాకపోతే దాన్ని రెండో సాక్ష్యంగా లెక్కేయకూడదు.

పెద్ద చానల్ అన్నది కూడా హామీ కాదు. 2016 నవంబర్‌లో కొత్త 2,000 నోటులో చిప్ ఉందని, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహం పట్టేస్తుందని కొన్ని జాతీయ చానళ్లే చెప్పాయి. నోట్ల రద్దు ప్రకటించిన నవంబర్ 8నే ఆర్‌బీఐ ఆ నోటు మీద ఏమేం ఉంటాయో జాబితా విడుదల చేసింది. అందులో చిప్ లేదు. ఆ ఒక్క పేజీ చదివే తీరిక స్టూడియోల్లో ఎవరికీ దొరకలేదు.

5. అసలు కాగితం దగ్గరికి వెళ్లండి

నోటు, నాణెం సంగతైతే ఆర్‌బీఐ సైటులో పత్రికా ప్రకటనలు ఉంటాయి. 500 నోటు మీద నక్షత్రం గుర్తుంటే దొంగనోటని గ్రూపుల్లో తిరిగినప్పుడు, అది కూడా చెల్లే నోటేనని ఆర్‌బీఐ 2023 జూలైలో చెప్పింది. ముద్రణలో పాడైన నోటు బదులు చేర్చినదానికి ఆ గుర్తు వేస్తారు. కేంద్ర ప్రభుత్వ పథకాల మీద వచ్చే పుకార్లకి ఆ ప్రభుత్వ సమాచార విభాగమైన పీఐబీ నడిపే ఫ్యాక్ట్‌చెక్ పేజీ ఉంది. ప్రభుత్వం ఏం ప్రకటించింది, ఏం ప్రకటించలేదు అన్నది అక్కడ తేలుతుంది. ప్రభుత్వం మీద వచ్చిన విమర్శ నిజమా కాదా అన్నది మాత్రం అక్కడ తేలదు, ఎందుకంటే చెప్పేది ప్రభుత్వమే.

జీవో కాపీ అంటూ ఫొటో వచ్చిందా, జూమ్ చేయండి. అసలు జీవోలో పైన విషయం సారాంశం, శాఖ పేరు, ఎంఎస్ లేదా ఆర్‌టీ అని రాసి ఒక నంబరు, తేదీ ఉంటాయి. ఆ కింద అంతకుముందు చూసిన ఉత్తరాలు, పాత జీవోల జాబితా ఉంటుంది. చివర గవర్నర్ ఆదేశానుసారం అన్న వాక్యం, కార్యదర్శి పేరు, కాపీలు ఎవరెవరికి పంపారో ఆ వరస. నకిలీలు తయారుచేసేవాళ్లకి ఇంత ఓపిక ఉండదు. ప్రభుత్వ ముద్ర అతికించి కింద నాలుగు వాక్యాలు రాసేస్తారు. అన్నీ ఉన్నా కూడా ఆ నంబరు, శాఖ పేరు పెట్టి వెతకండి. నంబరు అసలుదే అయ్యుండి, లోపలి విషయం మార్చినవి కూడా ఉంటాయి.

వర్షాకాలంలో ‘రేపు స్కూళ్లకు సెలవు’ మెసేజ్ రాని గ్రూపు ఉండదు. దీనికి ముప్పై సెకన్ల పరీక్ష ఒకటుంది. అందులో ఉన్న తేదీకి, వారానికి పొత్తు కుదిరిందా చూడండి. 2023 జూలైలో వానలకి తెలంగాణలో 26, 27 తేదీల్లో, అంటే బుధ, గురువారాల్లో సెలవులిచ్చారు. ఆ స్క్రీన్‌షాట్‌నే మరుసటి ఏడాది జూలైలో ఎవరైనా తిప్పితే అదే 27 గురువారం పడదు. కేలండర్ తీసి చూస్తే చాలు. తేదీ లేకుండా ‘రేపు’ అని మాత్రమే ఉంటే, ఆ రేపు ఏ సంవత్సరానిదో దేవుడికే తెలియాలి. జిల్లా సెలవు ప్రకటించేది కలెక్టర్. కలెక్టర్ అధికారిక ఖాతాలో గానీ, మీ పిల్లల స్కూలు పంపే మెసేజ్‌లో గానీ ఉంటేనే బ్యాగు పక్కన పెట్టండి.

అంకెలు ఉన్న వార్త వస్తే పాత రికార్డుతో పోల్చండి. వరదల వార్తలకి ఇది బాగా పనికొస్తుంది. భద్రాచలం దగ్గర గోదావరికి మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. అక్కడ 1986లో వచ్చిన 75.6 అడుగులు రికార్డు. 2022 జూలైలో ఊరంతా వణికిపోయినప్పుడు కూడా 71.3 దగ్గర ఆగింది. ఎవరైనా ‘భద్రాచలంలో 80 అడుగులు’ అని పెడితే, అది నిజమైతే చరిత్రలో ఎన్నడూ లేనిది. అలాంటప్పుడు ఆ వార్త ఒక్క వాట్సాప్ గ్రూపులోనే ఉండదు. అలాగే విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 2024 సెప్టెంబర్ మొదట్లో వచ్చిన 11.43 లక్షల క్యూసెక్కులే అంత పెద్ద వార్త. ఇరవై లక్షలని ఎవరైనా అంటే ముందు సున్నాలు సరిచూడండి. నదీమట్టాలు కేంద్ర జలసంఘం ఇస్తుంది, వాన సంగతి వాతావరణ శాఖ ఇస్తుంది. రెండూ ఫోన్‌లోనే చూడొచ్చు.

6. ఫొటో, వీడియో వస్తే: ఎక్కడిది, ఎప్పటిది

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఒక వీడియో దేశమంతా తిరిగింది. బైకు మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి లాక్కుని పోతారు. వీడియో అక్కడితో ఆగిపోతుంది. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం ఒక స్వచ్ఛంద సంస్థ తీసిన అవగాహన వీడియో. చివర్లో ఆ ఇద్దరూ పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దింపి, జాగ్రత్తగా ఉండమన్న అట్ట పట్టుకుని చూపిస్తారు. ఎవరో ఆ చివర కత్తిరించారు. ఆ ఏడాది ఇలాంటి పుకార్లకి తెలంగాణలో, ఆంధ్రాలో, ఇంకా చాలా రాష్ట్రాల్లో అమాయకులు చచ్చిపోయారు. జూలై 13న కర్ణాటక బీదర్ జిల్లా ముర్కి ఊరి దగ్గర, పిల్లలకి చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ నుంచి వెళ్లిన స్నేహితుల మీద జనం పడ్డారు. వాళ్లలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ప్రాణం పోయింది. వాళ్లు పారిపోతున్న కారు గురించి ముందు ఊరికి వాట్సాప్‌లో కబురు వెళ్లిపోయింది. అదే ఏడాది జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లకి పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి, ఫార్వర్డులు నమ్మొద్దని చెప్పించారు.

ఆ దెబ్బకే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా ఆపింది. ఇప్పుడు మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది ఐదు చేతులు దాటి మీ దాకా వచ్చిందని అర్థం. పంపినవాడు మీ బావమరిదే అయినా, అతనికి ఆ విషయం సొంతంగా తెలియదు.

ఫొటో పరీక్షించడానికి గూగుల్ లెన్స్ చాలు. ఫొటోని సేవ్ చేసి గూగుల్ యాప్‌లో కెమెరా గుర్తు నొక్కి, గ్యాలరీలోంచి ఎంచుకోండి. అదే ఫొటో పాత తేదీతో ఎక్కడైనా ఉంటే బయటపడుతుంది. వీడియో అయితే రెండు మూడు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీయండి. ముఖాలున్న చోటు కంటే షాపు బోర్డులు, బస్సులు, గుడి గోపురం, కొండ కనిపించే చోటు తీసుకోండి. ఫలితాలు ఏమీ రాకపోతే ఫొటో నిజమైనదని కాదు, ఇంకా దొరకలేదంతే.

మన రాష్ట్రాల వీడియోలకి ఇంకో సులువైన ఆధారం ఉంది. బండి నంబర్ ప్లేట్లు. తెలంగాణ బళ్లకి టీఎస్ మొదలైంది 2014 జూన్‌లో, టీజీ మొదలైంది 2024 మార్చిలో. ఏపీలో జిల్లా ఏదైనా కొత్త బళ్లన్నిటికీ ఏపీ39 ఇవ్వడం 2019లో మొదలుపెట్టారు. ‘2022లో జరిగిన అల్లర్లు’ అన్న వీడియోలో టీజీ ప్లేటు కనబడితే ఆ మాట అబద్ధం. తిరగేసి మాత్రం వాడకండి. టీఎస్ బళ్లు ఇప్పటికీ అదే నంబరుతో తిరుగుతున్నాయి కాబట్టి, టీఎస్ కనిపించినంత మాత్రాన వీడియో పాతదని కాదు.

పేపర్ కటింగులకీ ఇలాంటి కిటుకులే. ‘వరంగల్ అర్బన్ జిల్లా’ అని ఉంటే అది 2021 ఆగస్టుకి ముందుది, ఆ తర్వాత ఆ జిల్లా పేరు హనుమకొండ అయింది. కటింగులో పేజీ పైభాగం, తేదీ లేకపోతే ముందే అనుమానించండి. ప్రతి పెద్ద పేపర్‌కీ తనదైన అక్షరాల తీరు ఉంటుంది. ఆ రోజు పేపర్ పక్కన పెట్టి ‘క్ష’, ‘ళ’, ఒత్తులు పోల్చి చూడండి, నకిలీది వెంటనే దొరికిపోతుంది. తేదీ ఉంటే ఆ పేపర్ ఈ-పేపర్ తెరిచి అదే ఎడిషన్ చూడండి. ఎన్నికలప్పుడు వే టు న్యూస్ కార్డుల్ని, టీవీ చానళ్ల బ్రేకింగ్ ప్లేట్లని అచ్చుగుద్దినట్టు చేసి వదులుతారు. లోగో చూసి నమ్మకుండా ఆ సంస్థ యాప్‌లోకి వెళ్లి వార్త అక్కడ ఉందో లేదో చూడండి. తమ పేరుతో తిరిగే నకిలీల మీద ఆ సంస్థలే ‘ఇది మాది కాదు’ అని పెడుతుంటాయి కూడా.

ఏఐ వీడియోల సంగతి. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న లిఫ్టులోకి వస్తున్నట్టు ఒక వీడియో తిరిగింది. అసలు వీడియోలో ఉన్నది ఇంకో మహిళ, ముఖం మాత్రం మార్చారు. ఆ కేసులో ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో పట్టుకున్నది మన గుంటూరు కుర్రాణ్ణే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు పెరగడానికి చేశాడని పోలీసులు చెప్పారు. దీంట్లో పెద్ద కుట్ర ఉండాలనేం లేదు, లైకులు చాలు. వేళ్లు ఆరున్నాయా, కళ్లు ఆర్పుతున్నారా లాంటి గుర్తుల మీద ఎక్కువ ఆధారపడకండి. ఈ ఏడాది కనిపించే లోపం వచ్చే ఏడాదికి ఉండదు. అది మొదట ఏ ఖాతాలో వచ్చింది, ఆ మనిషి నిజంగా ఆ రోజు అక్కడున్నారా, అక్కడున్న మిగతావాళ్లు తీసిన వీడియోలు ఉన్నాయా అన్నవే గట్టి ప్రశ్నలు. నాయకుడు వేల మంది ఉన్న సభలో ఒక మాట అన్నాడంటే, అది ఒక్క ఫోన్‌లోనే రికార్డవడం అనుమానించాల్సిన విషయమే.

7. ఆరోగ్యం వార్త అయితే, ఏం తేలిందన్నారో చూడండి

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం వేలల్లో వెళ్లారు. ప్రభుత్వం మే 31న వాటిలో కొన్నిటికి అనుమతి ఇచ్చింది, కంటిచుక్కలకి ఇవ్వలేదు. ‘గ్రీన్ సిగ్నల్’ అన్న హెడ్డింగ్ చూసి ‘మందు పనిచేస్తుందట’ అని చదువుకున్నవాళ్లు ఎంతమందో. నివేదికలో ఉన్నది వేరు: ఆ మందులతో హాని కనబడలేదు, కోవిడ్ తగ్గుతుందనడానికి మాత్రం ఆధారం లేదు. హాని లేదన్నదానికి, పనిచేస్తుందన్నదానికి మధ్య చాలా దూరం ఉంది.

ఏ మందు వార్తలోనైనా ఇదే అడగండి. పరీక్ష ఎవరి మీద చేశారు, ఎలకల మీదా, మనుషుల మీదా? మందు ఇవ్వనివాళ్లతో పోల్చారా? ‘నాకు తగ్గింది’ అన్న ఒక్క మనిషి ఇంటర్వ్యూ ఈ ప్రశ్నలకి జవాబు కాదు, ఎందుకంటే చాలా జబ్బులు ఏ మందూ లేకపోయినా తగ్గుతాయి. ‘అమెరికా శాస్త్రవేత్తలు’ అని రాసి యూనివర్సిటీ పేరూ, పత్రిక పేరూ ఇవ్వకపోతే అసలు చదవక్కర్లేదు.

8. ఎవరి పేపరో తెలుసుకుని, రెండోది కూడా చదవండి

సాక్షి స్థాపించింది వైఎస్ జగన్. నమస్తే తెలంగాణ బీఆర్ఎస్ వైపుది, వెలుగు వివేక్ వెంకటస్వామి కుటుంబానిది, విశాలాంధ్ర సీపీఐది, ప్రజాశక్తి సీపీఎంది. ఈనాడు, ఆంధ్రజ్యోతి తెలుగుదేశం పక్షమని వైసీపీ ఎప్పటినుంచో అంటోంది. ఇది తెలిసి చదవడంలో తప్పేమీ లేదు. తెలిసింది కదా అని ఒకదాన్ని పూర్తిగా మానేస్తేనే నష్టం.

రాజకీయ వార్త ఏదైనా ఎదురుగుండా ఉన్న రెండు పేపర్లలో చదవండి. రెంటిలోనూ ఒప్పుకున్న సంగతులు ఒక పక్క రాసుకోండి. ఫలానా తేదీన ఫలానా భూమి ఇంత ధరకి ఫలానా కంపెనీకి ఇచ్చారు అన్నంతవరకు రెండూ ఒప్పుకుంటే, అది గట్టి నేల. దోచిపెట్టారా, అభివృద్ధి చేశారా అన్నది వాళ్ల వాళ్ల రాత. ఒక పేపర్ తన సొంత పక్షానికి ఇబ్బంది కలిగే వార్త రాసిందంటే దానికి కాస్త ఎక్కువ మార్కులు వేయొచ్చు. ఒకటి మొదటి పేజీలో పెట్టి, ఇంకొకటి అసలు రాయకపోవడం కూడా వార్తే. నా మట్టుకు నాకు అబద్ధాల కంటే ఇలా రాయకుండా వదిలేసినవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, ఎందుకంటే వాటిని లెన్స్‌లో వెతకలేం.

9. తేలకపోతే ఆగండి

బాంబు పేలింది, బస్సు బోల్తా పడింది, ఎన్‌కౌంటర్ జరిగింది అన్నప్పుడు మొదటి రెండు గంటల్లో వచ్చే అంకెలు, పేర్లు, కారణాలు చాలావరకు మారతాయి. ఎవరూ మోసం చేయకపోయినా మారతాయి, అక్కడున్నవాళ్లకే పూర్తిగా తెలియదు కాబట్టి. మీవాళ్లు ఆ బస్సులో ఉంటే తప్ప, సాయంత్రం దాకా ఆగినందువల్ల మీకొచ్చే నష్టం లేదు. అంతకీ కుదురు లేకపోతే ఎవరైనా ఇప్పటికే పరీక్షించారేమో చూడండి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఫ్యాక్ట్‌లీ తెలుగులోనే రాస్తుంది, న్యూస్‌మీటర్ లాంటివి కూడా ఉన్నాయి. వాళ్ల మాట కూడా ఊరికే నమ్మక్కర్లేదు. అసలు వీడియో లింకు, అసలు ప్రకటన లింకు ఇచ్చారా చూడండి, ఇస్తే నొక్కి చూడండి.

ఫలానా వీధిలో దొంగలు పట్టుబడ్డారు, ఫలానా మతంవాళ్లు దాడికి వస్తున్నారు లాంటి మెసేజ్ వస్తే గ్రూపులో ‘నిజమేనా?’ అని అడుగుతూ తిప్పకండి. అడిగినా ఫార్వర్డ్ ఫార్వర్డే. 112కి ఫోన్ చేసి అడగండి.

10. తప్పని తేలితే

పంపింది పెదనాన్నో, రిటైరైన హెడ్‌మాస్టారో అయితే నలుగురిలో ‘ఇది ఫేక్’ అని పెడితే మాటామాటా పెరుగుతుంది, మెసేజ్ అక్కడే ఉండిపోతుంది. విడిగా రాయండి: ‘పెదనాన్నా, మీరు పెట్టిన ఆ నోటు సంగతి ఆర్‌బీఐ వాళ్లు కాదన్నారట, లింకు ఇదిగో. మీరే తీసేస్తే బాగుంటుంది, మన పిల్లలు కూడా చూస్తున్నారు.’ లింకు తప్పకుండా పెట్టండి, లేకపోతే మీదీ ఆయనదీ ఒకటే అవుతుంది. వాట్సాప్‌లో పంపినవాళ్లు దాదాపు రెండున్నర రోజుల్లోపు అయితే అందరికీ కనిపించకుండా తీసేయొచ్చు. వాళ్లు తీయకపోతే గ్రూప్ అడ్మిన్‌ని అడగండి, ఎవరి మెసేజ్‌నైనా తీసేసే వీలు అడ్మిన్‌కి ఉంటుంది.